చెప్పుకి తగులుకున్న మొక్క

తిరువాన్మియూరు, చెన్నై
ఫిబ్రవరి, ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

ఫోన్లో చెప్పేదానికి ఉత్తరమేంట్రా అంటావు. ఫోన్లో నువ్వు నన్నెప్పుడు మాట్లాడనిచ్చావు గనక!

నిన్న రాత్రి తాబేళ్ల కోసం సముద్రం ఒడ్డున నడిచాను. ఈ రోజుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. 1988 నుంచి ఇక్కడి విద్యార్థులు సీజన్లో రాత్రుళ్లు తిరిగి ఆ గుడ్లు కాపాడుతున్నారు. మనలాంటి వాళ్లనీ వెంట రానిస్తారు, కానీ టార్చి వెయ్యకూడదు. తాబేలు కనబడలేదు. చీకట్లో చెప్పుకి ఏదో తీగ తగులుకుని బోర్లా పడ్డాను. "అంకుల్, దెబ్బ తగిలిందా?" అన్నాడొక కుర్రాడు. మోచెయ్యి కన్నా ఆ 'అంకుల్' ఎక్కువ మండింది.

లేచి చూస్తే చేతికి జిగట. తీగ తెగి పాలు కారుతున్నాయి. జిల్లేడేమో అనుకున్నా, కానీ జిల్లేడు తీగలా పాకదు కదా. తెగిన ముక్క జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ చూసి, "పొన్నగంటి కూరైతే సంతోషించేదాన్ని. ఆ మరకలు చొక్కాకి పోవు, తెలుసా?" అంది. పోలేదు.

పొద్దున్నే ఏడున్నరకి మళ్లీ అక్కడికే వెళ్లాను. రాత్రి మొగ్గలనుకున్నవన్నీ విచ్చుకున్నాయి! ఇసుక మీద రూపాయి బిళ్లంత పసుపు పూలు. ఫోన్లో మొక్కల్ని గుర్తుపట్టే యాప్ పెట్టి చూస్తే డాండెలైన్ అంది, అదే, చలి దేశాల్లో పెరిగే పసుపు పువ్వు. చెన్నై బీచ్‌లో డాండెలైనేంటి, నా మొహం! నీకు గుర్తుందా, మన బాటనీ మేడమ్ చామంతి కుటుంబం పాఠంలో ఏం చెప్పేదో? "ఒక పువ్వు అనుకోవద్దు, పూల గంప అనుకో" అని. కింద కూర్చుని ఒక్కో రేకూ లాగి చూశాను. ప్రతి రేకు చివరా అయిదు చిన్న పళ్లు. అంటే అయిదు రేకులు అతుక్కుని ఒక రేకైనట్టు, ఒక్కో రేకూ ఒక పూర్తి పువ్వన్నమాట. మధ్యలో బొడిపె లేదు, అంచు నుంచి నడుమ దాకా అన్నీ ఇలాంటివే. గడ్డి చామంతిని చూడు, మధ్యలో పసుపు బొడిపె, చుట్టూ నాలుగైదు తెల్లటి రేకులు, చివర మూడే పళ్లు. పైగా దానికి పాలుండవు. పాలూ ఉండి, అన్నీ అయిదు పళ్ల రేకులే అయితే అది సలాడ్లో వేసే లెట్యూస్ ఆకు బంధువర్గమే. అసలు లెట్యూస్ ప్రజాతికి లాక్టూకా అని పేరొచ్చింది కూడా లాటిన్లో పాలనే మాట నుంచే.

అయితే ఈ బంధువుల్లో ఇది ఎవరు? బెంగళూరులో మా తమ్ముడి ఇంటి కాలువ పక్కన సోంకస్ అని ఒకటుంటుంది, పూలు అచ్చం ఇలాగే ఉంటాయి. అది మధ్యధరా వైపు నుంచి వచ్చినది, బోలు కాడతో నిటారుగా నిలబడుతుంది. ఇది అలా కాదు. ఆకులన్నీ నేలకి అతుక్కుని గుండ్రంగా, ఈకలా చీలి ఉంటాయి. ఆ గుత్తి నుంచి సన్నటి తీగ బయల్దేరి, జానెడు దూరంలో కణుపు దగ్గర వేరు దిగి ఇంకో గుత్తి పెడుతుంది. అక్కడి నుంచి ఇంకోటి. నా చెప్పుకి తగులుకున్నది ఆ గుత్తుల మధ్య తీగే. మెడలో గొలుసులా ఇసుకంతా అల్లుకుపోయింది. గింజ కూడా చూశాను. లాక్టూకా గింజ నొక్కినట్టు పల్చగా, కొసన ముక్కుతో ఉంటుంది. దీనికి ముక్కు లేదు, కోలగా, గీతలు గీతలుగా ఉంది, తల మీద తెల్లటి దూది.

దీని శాస్త్రీయ నామం లానేయా సర్మెంటోసా. సర్మెంటోసా అంటే పాకే తీగలున్నదని. పాత పుస్తకాల్లో పిన్నాటిఫిడా అనేవారు, అంటే ఈకలా చీలిన ఆకని. ఒకరు ఆకు చూశారు, ఒకరు తీగ చూశారు. పడినవాణ్ణి గనక నా ఓటు తీగకే.

నిజానికి పూలు చూడకుండానే, అది ఉన్న చోటుని బట్టే చాలావరకు ఊహించొచ్చురా. అల తగిలేచోట ఏమీ మొలవదు. ఆ పైన, ఉప్పుగాలి కొట్టే ఒట్టి ఇసుకలో మొదట కనిపించేవి బాలబంద తీగ, రావణాసురుడి మీసాలనే గడ్డి, ఇది. ఇంకా వెనక్కి వెళ్తే సరుగుడు తోటలు. ఇసుక ఎగిరొచ్చి కప్పేస్తే మన మొక్క మళ్లీ పైకి తేలుతుంది, ఆ వేళ్లతో ఇసుకనీ పట్టి ఉంచుతుంది. మనదే ఇది, బయటి నుంచి వచ్చింది కాదు. తూర్పు ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా హిందూ మహాసముద్రం ఒడ్లన్నీ దీనివే. మాల్దీవుల్లో కుళ్లఫిలా అని ఆకు సన్నగా తరిగి కొబ్బరి, చేప కలుపుకుని తింటారు. ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు, వండమంటుంది.

కొంచెం అవతల బీచ్ శుభ్రం చేసే ట్రాక్టరు గీసుకుంటూ పోయింది. చెత్తతో పాటు తీగల్నీ ఊడ్చేసింది. చదునుగా, కాఫీ హోటల్ బల్లలా ఉంది. వాకింగుకొచ్చినాయన "ఎంత నీట్‌గా ఉందో" అన్నాడు. వాదించే ఓపిక లేక ఊరుకున్నా. కానీ అంచున ఒక తీగ రెండు ముక్కలైనా, రెండు ముక్కలకీ వేళ్లున్నాయి. రెండూ పచ్చగానే ఉన్నాయి.

నువ్వు బాపట్లలోనే ఉన్నావుగా, సూర్యలంక వెళ్లినప్పుడు చూడు. ముందు తీగ వెతుకు. పీకకు, ఫోటో చాలు. మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా బయల్దేరితే మాత్రం పూలు కనబడవు. ఇందాక పదకొండున్నరకి మళ్లీ వెళ్లి చూశా, అప్పటికే ముడుచుకుపోయాయి.

నీ
మూర్తి