ప్రేమకథ దగ్గరే ఆగిపోతే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆస్ట్రేలియా నవలా రచయిత్రి కొలీన్ మెకల్లో గురించి వచ్చిన వ్యాసం బాగుంది. కాకపోతే ఆమె ప్రేమకథా నవల ‘ది థార్న్ బర్డ్స్’ దగ్గరే ఆగిపోయింది. 1977లో వచ్చిన ఆ నవల పేపర్‌బ్యాక్ హక్కులు 19 లక్షల డాలర్లకు అమ్ముడుపోవడం అప్పటికి రికార్డే, కాదనను. కానీ ఆమె అంతకుముందు మెదడు, నరాలకు సంబంధించిన వైద్య పరిశోధన రంగంలో పనిచేశారు. డాక్టరు కావాలనుకున్నారు. ఆపరేషన్ థియేటర్ సబ్బు చేతులకు పడక ఆ చదువు మానేశారు. అమెరికాలో యేల్ వైద్య కళాశాలలో పదేళ్లు ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్లు నవలలు రాశారు. అక్కడ మగవాళ్లకు జీతం ఎక్కువ, ఆమెకు తక్కువ. కలం పట్టడానికి అదీ ఒక కారణమే.

డబ్బు వచ్చాక ఆమె చేసిన పని నాకు మరీ నచ్చుతుంది. అలాంటి ప్రేమకథలే మరో పది రాసి అమ్ముకోవచ్చు. అలా చేయకుండా పసిఫిక్‌లోని నార్‌ఫోక్ దీవిలో స్థిరపడి, ప్రాచీన రోము చరిత్రను తవ్వి తీశారు. 1990 నుంచి 2007 దాకా ఏడు లావుపాటి నవలలు! వాటికి పటాలు, బొమ్మలు కూడా తానే గీశారు.

2015 జనవరిలో, 77వ ఏట ఆమె పోతే, ‘ది ఆస్ట్రేలియన్’ పత్రిక నివాళిలో రూపం సాదాసీదా అనీ, ఒళ్లు ఎక్కువనీ రాసింది. పాఠకులు దుమ్మెత్తిపోశారు. మగ రచయిత పోతే బొజ్జ సంగతి ఎవరైనా రాస్తారా?

ఆ రోము నవలలపై ఒక వ్యాసం వేయించగలరని మనవి.

– ఒక పాఠకురాలు, గుంటూరు