మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక రోడ్లు, మురుగు కాలువ, వీధి దీపాలతో మొదలవుతుంది. ఈసారి వాటిని చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను. ఈ ఏడాది సంఘం సమయమంతా ఎక్కువగా మన కాలనీలో ఒంటరిగా, లేదా దంపతులు ఇద్దరే ఉంటున్న పెద్దవాళ్ళ కోసం వెచ్చించాం. ఎందుకో మీకు తెలుసు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడను ముంచిన బుడమేరు వాగు నీళ్ళు సింగ్‌నగర్ వైపు నుంచి మన వీధుల్లోకి వచ్చేశాయి. కింది పోర్షన్లు మునిగాయి, కరెంటు పోయింది. ఆ రాత్రి దాకా ఫోన్లు పలికాయి. సోమవారం నుంచి ఒక్కొక్కటే ఆగిపోయాయి. అమెరికాలో, బెంగళూరులో ఉన్న పిల్లలు నీళ్ళు రాని పేటల్లో ఉన్న మన సభ్యులకు ఫోన్ చేసి "అమ్మ ఎత్తడం లేదండీ, ఎలాగైనా ఒకసారి చూడండి" అని ఏడ్చారు. చూద్దామంటే ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి ఇన్సులిన్ కావాలో చెప్పే కాగితం ముక్క మన దగ్గర లేదు. డ్రోన్లు ఆహారం పొట్లాలు దించినప్పుడు డాబా ఎక్కగలిగినవాళ్ళకు వెంటనే అందాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఎవరో ఒకరు కిందికి తెచ్చి ఇచ్చేదాకా అందలేదు. మూడో రోజున మా వరుసలో పలికింది ఒక పిన్నిగారి బటన్ ఫోన్ ఒక్కటే. మెట్ల మీద కూర్చుని నాలుగు కుటుంబాలు తలా ఒక నిమిషం మాట్లాడుకున్నాయి. ఛార్జింగ్ ఒక్క గీత ఉంది.

నీళ్ళు తీశాక బురద కడుక్కుంటూనే ఒక పుస్తకం మొదలుపెట్టాం. ఇంటికో పేజీ. ఎవరెవరు ఉంటారు, ఏ మందులు వాడతారు, డాక్టర్ ఎవరు, పిల్లల నంబర్లు, రెండో తాళం చెవి ఎవరి దగ్గర ఉంది. ఇవన్నీ ఫోన్లోనూ పెట్టాం, కాగితం మీదా రాశాం. కాగితం కాపీ పై అంతస్తులో ఉంటుంది. పవర్ బ్యాంకులు కొని వీధికొకరి ఇంట్లో పెట్టాం. నెలకోసారి వాటిని ఛార్జ్ చేసే బాధ్యత ఆ ఇంటివాళ్ళదే.

అక్టోబర్ 1, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు "లేచాను" గ్రూపు మొదలైంది. రోజూ ఉదయం 8 గంటల లోపు పెద్దవాళ్ళు వాట్సాప్‌లో "లేచాను" అని పెట్టాలి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళు మిస్డ్ కాల్ ఇస్తే చాలు. రాకపోతే ఆ ఇంటి బాధ్యత తీసుకున్నవారు ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే వెళ్ళి తలుపు కొడతారు. మొదటి రెండు వారాలు పూల బొమ్మలు, దేవుడి పటాలు, సుప్రభాత సందేశాల మధ్య అసలు సంగతి కనిపించలేదు. వాటికి వేరే గ్రూపు పెట్టాక దారిలో పడింది.

ఈ గ్రూపు విలువ డిసెంబరులో తెలిసింది. మన సభ్యులు, రిటైరైన ఒక మాస్టారుగారికి ఒక సాయంత్రం వీడియో కాల్ వచ్చింది. అవతల ఖాకీ బట్టలు, వెనుక గోడ మీద ఏదో చిహ్నం. మీ ఆధార్‌తో డ్రగ్స్ పార్సిల్ దొరికింది, మీరు "డిజిటల్ అరెస్ట్"లో ఉన్నారు, కెమెరా ఆపకూడదు, ఎవరికీ చెప్పకూడదు అన్నారు. రాత్రంతా ఆయన కుర్చీలోనే కూర్చున్నారు. తెల్లారాక బ్యాంకుకెళ్ళి ఎఫ్‌డీ తీయడానికి సిద్ధమయ్యారు. 8 దాటినా "లేచాను" రాలేదు. పక్కింటి అబ్బాయి వెళ్ళి తలుపు కొడితే చాలాసేపటికి కొంచెం తెరిచి, వేలు పెదవుల మీద పెట్టారట. చెయ్యి వణుకుతోందని ఆ అబ్బాయి చెప్పాడు. ఫోన్ అందుకుని కాల్ కట్ చేసి, సైబర్ మోసాల నంబరు 1930కి చేసి ఫిర్యాదు నమోదు చేయించాడు. డబ్బు పోలేదు.

పెద్దవాళ్ళకు ఫోన్ వాడకం నేర్పడానికి ఆదివారాల్లో పెట్టే క్లాసులో, ఆ తర్వాతి వారం మాస్టారుగారే లేచి జరిగింది పూసగుచ్చినట్టు చెప్పారు. చదువుకున్నవాడు మోసపోయాడంటారని భయపడకుండా అలా చెప్పడం పెద్ద మనసు. సంఘం ఆయనకు రుణపడి ఉంది. ఫోన్లో అరెస్ట్ చేసే చట్టం మన దేశంలో లేదు. ఆ అక్టోబర్ 27న "మన్ కీ బాత్"లో ప్రధాని కూడా ఇదే చెప్పారు. కానీ రేడియోలో విన్న మాట, ఆ క్షణంలో టెన్షన్ పడుతున్న మనిషికి గుర్తుండదు. గుమ్మంలో ఒక మనిషి నిలబడితే గుర్తొస్తుంది.

ఆదివారం క్లాసుల గురించి చెప్పాలి. మొదట్లో యాప్‌లు నేర్పబోయి తప్పు చేశాం. పెద్దవాళ్ళు అడిగినవి వేరు. అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఎలా, తెలుగులో మాట్లాడితే టైపయ్యేలా ఎలా, మనవడి వీడియో కాల్ ఎటువైపు జరిపితే వస్తుంది. వేళ్ళు పొడిబారినవాళ్ళు నొక్కితే స్క్రీన్ ఒక్కోసారి పలకదు, గట్టిగా నొక్కితే ఇంకేదో తెరుచుకుంటుంది. మెల్లగా తాకి వదలడం అలవాటు చేయడానికే ఒక క్లాసు పట్టింది. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదనీ, పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టేననీ ప్రతి క్లాసులో చెప్తున్నాం. పెళ్ళి శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (తెరిస్తే ఫోన్లో యాప్ ఎక్కించేది) తెరవొద్దనీ అంతే.

నవంబరులో జీవన్ ప్రమాణ్ పనులు, అంటే పింఛనుదారులు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే డిజిటల్ సర్టిఫికెట్. మన కాలనీలో రైల్వే పింఛనుదారులు ఎక్కువ కదా. రాయనపాడు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన ఒక బాబాయిగారి వేలిముద్రలు ఇనుముతో అరిగిపోయి మిషన్‌కు ఎప్పుడూ పడవు. ఈసారి ముఖం చూపించే పద్ధతిలో చేశాం. హాల్లో లైటు వెనకనుంచి పడి రెండుసార్లు ఫెయిలైంది. కిటికీ ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళజోడు తీయించి, కళ్ళు ఆర్పమంటే అయిపోయింది. "ఇంతేనా?" అన్నారాయన. ముఖంతో చేసే ఈ పద్ధతి 2021 నుంచీ ఉంది. మూడేళ్ళుగా ఆయన్ని ఆటోలో బ్యాంకుకు తిప్పడం మన అజ్ఞానమే. 80 ఏళ్ళు దాటినవాళ్ళు అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు. కదల్లేనివాళ్ళకు పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేస్తారు.

బాధ కలిగించిన విషయం కూడా దాచను. ఫిబ్రవరిలో ఒక అమ్మగారు రాత్రి బాత్రూంలో జారిపడ్డారు. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంది. ఉదయం 8 దాటాక వెళ్ళేసరికి ఆమె రాత్రంతా నేల మీదే ఉన్నారు. తుంటి ఎముక విరిగింది. పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్తుందని క్లాసులో నేర్పాం, కానీ ఫోన్ చేతిలో లేకపోతే ఏం లాభం? అందుకని తీగ లేని కాలింగ్ బెల్‌లు తెచ్చాం. బటన్ బాత్రూంలో నేలకు జానెడు ఎత్తున, బెల్లు పక్కింట్లో. ఇంటర్నెట్ అక్కర్లేదు. గోడలు మందంగా ఉన్న రెండిళ్ళలో పలకలేదు, అక్కడ చోటు మార్చాం. పట్టుకునే కడ్డీలు కూడా బిగించే పని నడుస్తోంది.

దూరాన ఉన్న పిల్లలకు ఒక మనవి. హాల్లో కెమెరా పెట్టేముందు అమ్మను అడగండి. ఒక ఇంట్లో పెద్దావిడ దాని మీద తువ్వాలు కప్పేశారు, చీర కట్టుకోవడానికి కూడా మొహమాటంగా ఉందట. అదే ఆవిడ, న్యూజెర్సీలో రాత్రి పదిన్నరకు కూతురు చేసే ఫోన్ కోసం ఇక్కడ ఉదయం ఎనిమిదికి కాఫీ గ్లాసుతో సిద్ధంగా ఉంటారు.

రెండో వీధి కాలువ పూడిక తీశారు. వీధి దీపాలు పార్కు దగ్గర తప్ప అన్నీ వెలుగుతున్నాయి. ఆడిట్ అయిన జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి.

సైబర్ మోసానికి 1930, పెద్దవాళ్ళకు ఏ సాయానికైనా ఎల్డర్‌లైన్ 14567, అత్యవసరానికి 112 నంబర్లను పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాం. ఫ్రిజ్ మీద అంటించుకోండి.

మూడో వీధి చివరి నాలుగు ఇళ్ళకు ఉదయం పలకరించే మనిషి ఇంకా దొరకలేదు. ప్రస్తుతం నేనే రెండు వీధులు దాటి వెళ్తున్నాను. ఆ వైపు ఉంటున్నవారు ఎవరైనా ఆదివారం సాయంత్రం హాలుకు వచ్చి పేరు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి