సెకిసుయి హౌస్ మోసపోయిన తీరు సరిహద్దు జిల్లాల తెలుగువారికి తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక స్థిరాస్తి పేజీలో జపాన్ గృహనిర్మాణ సంస్థ సెకిసుయి హౌస్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. 1960లో ఒసాకాలో మొదలై, ఫ్యాక్టరీలో తయారైన భాగాలను తెచ్చి బిగించే పద్ధతిలో పేరు తెచ్చుకుని, 25 లక్షలకు పైగా ఇళ్లు కట్టిన ఆ సంస్థ, 2024లో అమెరికాకు చెందిన ఎం.డి.సి. హోల్డింగ్స్‌ను సుమారు 490 కోట్ల డాలర్లకు కొన్న వైనాన్ని వ్యాసకర్త చక్కగా వివరించారు. కానీ ఆ సంస్థ చరిత్రలో ఒడిశాలోని మన సరిహద్దు జిల్లాల తెలుగువారికి అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చే ఘట్టం అందులో లేదు. 2017లో అంతటి సంస్థ ఒక స్థలం కొనబోయి దారుణంగా మోసపోయింది. అలాంటి మోసాన్నే మా ఇంట్లో చూసినవాణ్ణి కాబట్టి ఆ లోటు పూరించే ప్రయత్నంగా ఈ లేఖ రాస్తున్నాను.

టోక్యోలోని షినాగావా ప్రాంతంలో, గోటాండా రైల్వే స్టేషన్‌కు దగ్గరగా, మూతపడిన ఒక పాత సత్రం ఉండేది. దాని విస్తీర్ణం సుమారు 2,000 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో అర ఎకరానికి కాస్త తక్కువ. యజమానురాలు వయసు మళ్లిన మహిళ. స్థలం మీద అప్పుల చిక్కు లేదు, అందులో వ్యాపారం నడవడం లేదు, చుట్టూ భూముల ధరలు మాత్రం ఆకాశాన్ని అంటుతున్నాయి. భూముల మోసాలతోనే బతికే ముఠాలను జపాన్‌లో ‘జిమెన్షి’ అంటారు; ‘జిమెన్’ అంటే నేల. అలాంటి ముఠా ఒకటి మరో స్త్రీని యజమానురాలిగా చూపించి, నకిలీ పాస్‌పోర్టు, సంతకానికి బదులు అక్కడ వాడే ముద్రకు నకిలీ ధ్రువపత్రం సృష్టించి, 700 కోట్ల యెన్లకు బేరం కుదిర్చింది. ఏప్రిల్‌లో ఒప్పందం జరిగింది. జూలై నెలాఖరులో చెల్లించవలసిన మిగతా సొమ్మును సంస్థ ముందుకు జరిపి జూన్ 1నే చెల్లించింది. ఆ తరువాత కొద్ది రోజులకే రిజిస్ట్రేషన్ కార్యాలయం ఆ పత్రాలు నకిలీవని గుర్తించి హక్కుల బదలాయింపును తిరస్కరించింది. సెకిసుయి హౌస్‌కు మిగిలిన నష్టం దాదాపు 555 కోట్ల యెన్లు. ఆనాటి మారకపు విలువలో మూడు వందల కోట్ల రూపాయలకు పైమాటే.

ఇందులో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసిన విషయం మరొకటి ఉంది. ఒప్పందం జరిగిన తరువాత, అసలు యజమానురాలి పేరుతో, తాను ఎవరికీ స్థలం అమ్మలేదని చెబుతూ ఆ సంస్థకు పలుమార్లు ఉత్తరాలు వచ్చాయి. ఆ బేరం చెడగొట్టాలని చూస్తున్న వాళ్ల పనిగా భావించి సంస్థ వాటిని పక్కన పెట్టింది. అంతేకాదు, గొడవలు ముదరకముందే పని ముగించాలన్న తొందరతో చెల్లింపును ముందుకు తెచ్చింది. న్యాయవాదులు, అధికారులు, అనుభవజ్ఞులైన ఉద్యోగులు అంతమంది ఉన్న సంస్థ కాగితాలను నమ్మిందే గాని మనిషిని విచారించలేదు. అసలు యజమానురాలిని ఎరిగినవారికి, అమ్మవచ్చిన స్త్రీ ఫొటో ఒకటి చూపించి ‘ఈమేనా?’ అని అడిగి ఉంటే విషయం అక్కడే తేలిపోయేది.

మా చిన్న బావమరిది సూరత్‌లో పనిచేస్తూ కూడబెట్టిన సొమ్ముతో 2019లో బరంపురం శివార్లలో తొమ్మిది డెసిమళ్ల (సెంట్ల) స్థలం కొన్నాడు. రికార్డులో ఉన్న పేరు ఎప్పుడో చనిపోయిన ఒక పెద్దాయనది. ఆయన కొడుకునని చెప్పుకున్న మనిషి గుర్తింపు కార్డులు, వారసత్వ పత్రం అన్నీ చూపించాడు. డబ్బులో ముప్పాతిక భాగం ఇచ్చేసిన తరువాత, విశాఖపట్నం నుంచి అసలు కొడుకు రాసిన ఉత్తరం మా ఇంటికి వచ్చింది. మధ్యవర్తి దాన్ని చూసి, స్థలం ధర పెరుగుతోందని ఓర్వలేని వాళ్లు ఇలాంటివి రాస్తూనే ఉంటారనీ, ఆలస్యం చేస్తే బేరం పోతుందనీ అన్నాడు. మేము నమ్మాం. మిగతా డబ్బు కూడా కట్టాం. టోక్యోలో జరిగినదాన్ని తరువాత ఎప్పుడో చదివినప్పుడు, ఆ ఉత్తరాల సంగతి దగ్గర ఆగిపోయి చాలాసేపు ముందుకు కదలలేకపోయాను.

మా విషయంలో ఇంకో లోపం కూడా ఉంది, అది నాది. నేను బరంపురంలో నలభై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. ఒడియా ధారాళంగా మాట్లాడతాను గాని అప్పట్లో చదవడం రాదు. ఖతియాన్‌లో, అంటే భూమి హక్కుల రికార్డులో, ఏముందో మధ్యవర్తి చదివి వినిపిస్తే విన్నాను. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాల్లో నాలాంటివారు తక్కువేమీ కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందు గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి, మా తాతల నాటి దస్తావేజులు కొన్ని తెలుగులోనే ఉన్నాయి. ఇప్పటి హక్కుల రికార్డు మాత్రం ఒడియాలో ఉంటుంది. ఖాతా, ప్లాటు, మౌజా (రెవెన్యూ గ్రామం), కిసం (భూమి రకం) అన్న నాలుగు మాటలకు అర్థం తెలియక, ఇల్లు కట్టుకోవడానికి పనికివచ్చే ‘ఘరబారి’ భూమి అనుకుని సాగుభూమి కొన్నవాళ్లున్నారు. రాయగడ, కోరాపుట్ వంటి షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆదివాసుల భూమిని ఇతరులు కొనడం 1956 నాటి నిబంధన, దానికి 2002లో వచ్చిన సవరణల ప్రకారం చెల్లదు. ఆ సంగతి కొనేవాడికి ఎవరూ చెప్పరు. అటువంటి కొనుగోలులో ఆదివాసికి జరిగే అన్యాయం మన నష్టం కంటే పెద్దదని కూడా ఇక్కడ చెప్పాలి.

రిజిస్ట్రేషన్ అయితే చాలు భూమి మనదైపోయినట్టేనన్న నమ్మకం మనవాళ్లలో బలంగా ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ పత్రం రాసిచ్చినవారు ఎవరో గుర్తించి దాన్ని నమోదు చేస్తారు; అమ్మేవారికి హక్కు ఉందని పూచీ ఇవ్వరు. అందువల్ల మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) జరగని పాత పేర్లు, ఊళ్లో లేని వారసులు, తాళం వేసిన ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడే మోసగాళ్లు కన్నేస్తారు. గోటాండాలో వాళ్లు ఎంచుకున్నదీ అలాంటి స్థలాన్నే.

ఈ విషయంలో ఒడిశా ప్రభుత్వానికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. భాషాపరమైన అల్పసంఖ్యాకుల రక్షణ కోసం 1956లో కేంద్రం రూపొందించిన పత్రం, ఒక జిల్లాలో గాని తహసీల్ వంటి చిన్న ప్రాంతంలో గాని ఆ భాష మాట్లాడేవారు 15 నుంచి 20 శాతం ఉన్నప్పుడు ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులు, నిబంధనలు వారి భాషలో కూడా ప్రచురించాలని సూచించింది. అదే స్ఫూర్తితో, సరిహద్దు తహసీళ్లలో కోరినవారికి హక్కుల రికార్డును తెలుగు లిపిలో కూడా ఇవ్వాలి. ఒడియా, తెలుగు లిపులలో అక్షరానికి అక్షరం దాదాపు సరిపోతుంది కాబట్టి పేర్లను ఒక లిపి నుంచి మరో లిపిలోకి మార్చడం కంప్యూటరుకు కష్టమైన పని కాదు. దీనికంటే ముఖ్యమైనది మరొకటి: ఒక భూమిపై అమ్మకపు పత్రం దాఖలైన వెంటనే, రికార్డులో పేరున్న వ్యక్తికి లేదా వారసులకు సమాచారం పంపి, కొన్ని రోజులు గడువిచ్చిన తరువాతే నమోదు పూర్తి చేసే ఏర్పాటు కావాలి. విశాఖపట్నంలో ఉన్న ఆ అసలు కొడుకుకు ప్రభుత్వం నుంచే కబురు అంది ఉంటే, అతను మాకు ఉత్తరం రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

ఆ ఏర్పాట్లు వచ్చేదాకా కొనేవారు చేయగలిగినవి కూడా ఉన్నాయి. రికార్డులో ఉన్న పేరు పట్టుకుని ఆ వీధికి వెళ్లి ఇరుగుపొరుగును అడగాలి. అమ్మేవారి ఫొటో వాళ్లకు చూపించాలి. రిజిస్ట్రేషన్ పూర్తయ్యేదాకా మొత్తం డబ్బు చేతికి ఇవ్వకూడదు. ఎవరైనా అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాస్తే, రాసినవారిని స్వయంగా వెళ్లి కలవాలి. తొందరపెట్టే మధ్యవర్తి దగ్గర ఇంకా గట్టిగా ఆగాలి.

మీ స్థిరాస్తి పేజీకి కూడా ఒక ప్రతిపాదన. ఒడిశా హక్కుల రికార్డులోని గడులను ఒక్కొక్కటిగా తెలుగులో వివరించే పట్టికను ఒక ఆదివారం ప్రచురించండి. మా బావమరిది డబ్బు పోయిన తరువాత, అరవై మూడో ఏట, ఒకటో తరగతి పుస్తకం ముందు పెట్టుకుని నేను ఒడియా చదవడం నేర్చుకున్నాను. ఆ పట్టికను తయారుచేసి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా