లోపమున్న పవర్ కుట్టుమిషన్ మార్చి ఇవ్వండి, లేదా డబ్బు తిరిగి ఇవ్వండి

విజయనగరం

మేనేజరు గారికి,
వినియోగదారుల సేవా విభాగం.

విషయం: మీ కంపెనీ పవర్ మిషన్‌లో తయారీ లోపం, వారంటీ ఇవ్వబోమన్న మీ జవాబు గురించి.

అయ్యా,

నేను విజయనగరంలో ఇంటి ముందు గదిలోనే జాకెట్లు, డ్రస్సులు కుట్టి బతుకుతున్నాను. పనివాళ్ళు లేరు, షాపు లేదు. మా పొదుపు సంఘం లోనులో నా వంతుగా వచ్చిన డబ్బుకి చేతిలో ఉన్నది కలిపి, శ్రావణమాసంలో ఇక్కడి మీ డీలరు దగ్గర 26,000 రూపాయలు పెట్టి మీ పవర్ మిషన్ కొన్నాను. దానికి ఏడాది వారంటీ ఉంది.

మొదటి వారంలోనే మిషన్ కుట్టు వదిలేయడం మొదలుపెట్టింది. పలచటి బట్ట మీద బాగానే నడుస్తుంది. లైనింగు వేసిన జాకెట్టు చంక దగ్గరికి వచ్చేసరికి, మడతలన్నీ ఒకచోట కలిసే చోట, సూది దిగుతుంది గానీ పై దారం కింది దారంతో ముడిపడదు. పైనుంచి చూస్తే కుట్టు పడినట్టే ఉంటుంది. తిరగేసి గోరుతో కాస్త లాగితే దారం మొత్తం ఊడి చేతికొస్తుంది. కొత్త సూది వేశాను, దారం మార్చాను, టెన్షన్ తిప్పి చూశాను, బాబిను కేసు విప్పి శుభ్రం చేశాను. అదే దారంతో, అదే బట్ట మీద నా పాత తొక్కుడు మిషన్ చక్కగా కుడుతోంది. మిషన్ పని నాకు కొత్త కాదు. పెళ్ళికి ముందు నుంచీ నా చేతి కింద ఉన్నది మిషనే.

దానికి తోడు నూనె. మీ పుస్తకంలో చెప్పిన గీత దాటకుండానే పోశాను. అయినా సూది కడ్డీ వెంట నూనె దిగి బట్ట మీద పడుతోంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర ముందు మా ఊళ్ళో దర్జీలకు ఊపిరాడదు, ఆ సంగతి మీ డీలరుకి బాగా తెలుసు. జాతరకు కట్టుకుంటానని ఒకావిడ ఆకుపచ్చ పట్టు జాకెట్టు ముక్క ఇచ్చారు. సరిగ్గా ఎదురు భాగంలో, జరీ అంచుకి రెండు వేళ్ళ దూరంలో నూనె చుక్క పడింది. పౌడరు చల్లి ఉంచాను, డ్రైక్లీనింగుకి ఇచ్చాను. నూనె పోయింది గానీ దాని చుట్టూ నల్లటి వలయం అలాగే ఉండిపోయింది. ఆ ముక్క ఖరీదు 1,800 రూపాయలు నేనే కట్టాను. ఆవిడ మళ్ళీ నా దగ్గరికి రాలేదు. ఆవిడ వెంట వచ్చే వాళ్ళింటి ఆడవాళ్ళూ రాలేదు. డబ్బు కట్టి తీర్చుకోగలిగిన నష్టం కాదిది. మా పనిలో ఒక జాకెట్టు పాడైందంటే ఆ వీధంతా తెలిసిపోతుంది.

కుట్టు వదులుతోందని మొదటి వారంలోనే డీలరుకి చెప్పాను. కంపెనీకి ఫోన్ చేసుకోమన్నారు. కంపెనీకి చేస్తే డీలరుని అడగమన్నారు. కాళ్ళరిగేలా తిరిగాక, జాతర కూడా అయిపోయాక, మీ మెకానిక్ వచ్చాడు. పళ్ళెం విప్పి, సూది దారాన్ని కింద పట్టే హుక్కు వేలితో పట్టుకుని అటూ ఇటూ కదిపి నాకు చూపించాడు. "హుక్కు తిప్పే షాఫ్టు ఆడుతోందక్కా, వాడకం వల్ల ఇంత తొందరగా అరగదు. వచ్చినప్పుడే ఇలా ఉండి ఉంటుంది" అన్నాడు. అంత చెప్పి, ఎవరితోనో ఫోనులో మాట్లాడి, చూసిన రిపేరు వివరం రాసే జాబ్ కార్డులో మాత్రం "వ్యాపారానికి వాడారు, వారంటీ వర్తించదు" అని రాశాడు. నేను సంతకం పెట్టలేదు. ఆ అబ్బాయిని నేనేమీ అనను. రాయమన్నది ఎవరో మీకే తెలియాలి.

మీ వాళ్ళు చెప్పిన ఈ ఒక్క కారణం గురించే నేను గట్టిగా అడగాల్సి ఉంది. ఇంట్లో అప్పుడప్పుడు చిరుగులు కుట్టుకునేవాళ్ళు 26,000 పెట్టి పవర్ మిషన్ కొంటారా? మీ కరపత్రం మీదే "టైలరింగు షాపులకు, ఇంటి దగ్గర కుట్టేవారికి" అని అచ్చువేశారు. దర్జీలకని అమ్మి, దర్జీ వాడిందని వారంటీ లేదంటే, ఇక ఆ వారంటీ ఎవరికి?

చట్టం కూడా మీ మాటను ఒప్పుకోదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో వినియోగదారు అంటే ఎవరో చెప్పినచోట, స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువును వ్యాపార అవసరం కింద లెక్కపెట్టకూడదని స్పష్టంగా రాసి ఉంది. ఆటో నడుపుకునే మనిషికి ఆటో ఎలాగో, నాకు ఈ మిషన్ అలాగే. నేను వినియోగదారునే.

మీ డీలరు బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రబ్బరు స్టాంపు వేసి ఉంది. లోపమున్న వస్తువుకి ఆ ముద్ర అడ్డు రాదు. బిల్లులో గడువేదీ రాయనప్పుడు 30 రోజుల్లోపు లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. నేను చెప్పింది మొదటి వారంలో. ఫోన్ చేసిన రోజులు, మాట్లాడిన నంబర్లు నా దగ్గర రాసి ఉన్నాయి.

నేను అడుగుతున్నది ఇది. ఈ మిషన్ తీసుకెళ్ళి, లోపం లేని కొత్త మిషన్ అదే రకానిది ఇచ్చి, దానికి వారంటీ మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టండి. అది కుదరకపోతే 26,000 రూపాయలు వడ్డీతో తిరిగి ఇవ్వండి. ఏది చేసినా పట్టు ముక్కకి కట్టిన 1,800 రూపాయలు, పండగ సీజన్‌లో పోయిన నా పనికి తగిన పరిహారం ఇవ్వాలి. హుక్కు మార్చి సరిపెడతామంటే ఒప్పుకోను. షాఫ్టే ఆడుతున్నప్పుడు కొత్త హుక్కు వేసినా మళ్ళీ అదే కథ.

లోపం లేదని మీరనుకుంటే మిషన్‌ను పరీక్షకు పంపించండి, నాకు అభ్యంతరం లేదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళినా అవసరమైతే వస్తువును ల్యాబుకి పంపించే వీలు చట్టంలోనే ఉంది. మిషన్ మూత వేసి పక్కన పెట్టాను, బయటి మెకానిక్ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కుట్టు వదలడం, నూనె దిగడం కనిపించే వీడియోలు ఉన్నాయి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఫోనులో చెప్పే మాట నాకు వద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయిస్తున్నాను. గడువులోగా తేలకపోతే మీ మీద, డీలరు మీద కలిపి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. వారంటీ కార్డు వెనక తగాదాలన్నీ మీ ఆఫీసున్న ఊరి కోర్టులోనే అని రాశారు గానీ, కొన్న మనిషి ఉంటున్న చోటే ఫిర్యాదు వేసుకోవచ్చని చట్టం చెబుతోంది. కమిషన్ మా విజయనగరంలోనే ఉంది. 5 లక్షల లోపు కొనుగోళ్ళకి ఫీజు లేదు, లాయరు లేకుండా నా అంతట నేనే చెప్పుకోవచ్చు. అలా చెప్పుకోవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

మాఘమాసం పెళ్ళిళ్ళకి జాకెట్లు ఇప్పటికే ఒప్పుకున్నాను, తొక్కుడు మిషన్ మీద ఎన్ని కుట్టగలనో అన్నే. సంఘానికి కిస్తీ మాత్రం నెలనెలా కడుతూనే ఉన్నాను. అందుకే గడువు పొడిగించమని అడగవద్దని ముందే చెబుతున్నాను.

బిల్లు, వారంటీ కార్డు, జాబ్ కార్డు ఫోటో, కరపత్రం, పట్టు ముక్కకి డబ్బు ఇచ్చినట్టు రాయించుకున్న రసీదు, వీటి నకళ్ళు జతచేశాను. అసలు కాగితాలు నా దగ్గరే ఉంటాయి. ఈ ఉత్తరం నకలు మీ డీలరుకి కూడా స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ఇట్లు,
మీ మిషన్ కొన్న వినియోగదారు,
విజయనగరం.