రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఎంచుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి,

కనిగిరి నుంచి నాన్న ఆశీర్వదించి రాయునది. రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ల్యాబ్, చీమకుర్తి గ్రానైట్ కర్మాగారం, ఇంట్లోనే పూర్తిచేయగల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్, ఈ మూడింటిలో దేనిలో చేరాలో చెప్పమని అడిగావు. నేను ఏదో ఒకటి చెబితే కాదనవని తెలుసు కాబట్టే ఫోనులో వెంటనే చెప్పలేదు.

మొదటి సంవత్సరం అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం మన చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ తిరిగి తాగునీటి సంగతులు అడిగావు గదా, ముందుగా ఆ రోజులను నెమరువేసుకో. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పుస్తకంలో చదివిన నీకు, అది దాటితే ఏమవుతుందో ఆ పిల్లల గారపట్టిన పళ్లలో, పెద్దల వంగిన కాళ్లలో కనిపించింది. ఆ పనిలో నీకు నచ్చినది నీళ్లు సీసాలో పట్టి పరీక్షించడమా, గడపగడపకూ వెళ్లి మాట్లాడడమా, లేక సాయంత్రం కూర్చుని వివరాలన్నీ పట్టికలుగా వేయడమా? ఏది చేస్తుంటే పొద్దు తెలియలేదో, ఏది ఎప్పుడు ముగుస్తుందా అనిపించిందో కాగితం మీద రాసుకో. కాలేజీకి ఇచ్చిన నివేదికలో ఇవేవీ ఉండవు.

ఆ తరువాత, నెల్లూరు వైపు ల్యాబులో నిరుడు పనిచేసిన మీ సీనియర్‌తో మాట్లాడు. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారో అడుగు. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది కనుక ఆ వేళకు గట్టు మీద ఉండవలసి వచ్చిందా, అమ్మోనియా, ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) పరీక్షలు తమ చేతులతో చేయనిచ్చారా, లేక రిజిస్టర్లు రాయించి పంపారా, తప్పు చేసినప్పుడు పక్కన నిలబడి చెప్పేవారున్నారా, ఇవి తెలుసుకోవాలి. చీమకుర్తిలో దొరికే గెలాక్సీ గ్రానైట్ ఎన్నో దేశాలకు వెళుతుందన్నది నిజమే గాని, కెమిస్ట్రీ చదివే పిల్లకు ఆ కర్మాగారంలో ఏ పని అప్పగిస్తారో ముందే కనుక్కో.

ఆన్‌లైన్‌ది మాత్రం నాకు మనసొప్పడం లేదు. డిగ్రీలో మీకు తప్పనిసరి చేసిన 10 నెలల ఇంటర్న్‌షిప్‌లో చివరి సెమిస్టరుది ఇంకా మిగిలే ఉంది. అప్పుడు ఏ దారి పట్టాలో తేల్చుకోవడానికి ఈ రెండు నెలలు పనికి రావాలంటే నీ చేతులు నీళ్లలోనో రాళ్లలోనో పడాలని నా నమ్మకం. నీవు మరోలా అనుకుంటే కారణం చెప్పు, వింటాను.

ఈ ఆదివారం ఒంగోలు నుంచి వచ్చేటప్పుడు రాసుకున్న కాగితం వెంట తెచ్చుకో. అమ్మా నేనూ నీతో కూర్చుని మాట్లాడతాము, దరఖాస్తు ఆ తరువాతే పంపుదువుగాని.

ఆశీస్సులతో,
నాన్న