పతకాన్ని కరిగించే ముందు అంచు చూడండి

సంపాదకులకు,

ప్రొద్దుటూరులో పాత వెండి కొనే అంగళ్ళకు పట్టీలు, కుంకుమ భరిణెలతో పాటు అప్పుడప్పుడు యుద్ధ పతకాలూ వస్తుంటాయి. నేను నౌకాదళ పతకాలు సేకరిస్తాను. సముద్రం లేని కడప జిల్లాలో ఇదేం పిచ్చి అని నవ్వేవాళ్ళున్నారు, నవ్వుకోనివ్వండి.

నా దగ్గరున్న ఒక పతకం రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ఒకవైపు ఆరో జార్జి తల, ఇంకోవైపు రెండు తలల డ్రాగన్‌ను తొక్కి నిలబడ్డ సింహం. అసలు సంగతి అంచు మీద ఉంది: నంబరు, హోదా, పేరు, చివర ఆర్.ఐ.ఎన్. అంటే రాయల్ ఇండియన్ నేవీ. ఆయన స్టోకర్, ఓడ అడుగున బాయిలర్ల వేడిలో మగ్గినవాడు. పేరు సగం అరిగిపోయింది. ఏ ఇల్లాలో తళతళలాడాలని చింతపండు పెట్టి తోమినట్టుంది.

ఆ యుద్ధానికి బ్రిటన్ తన నావికులకిచ్చిన పతకాల మీద పేర్లు వేయలేదు, మనవాళ్ళకిచ్చిన వాటి మీద వేశారు. కాబట్టి లండన్‌లో దొరికినదాని కంటే ప్రొద్దుటూరులో దొరికినది ఎవరిదో తేల్చడమే సులువు. పైగా అది వెండి కాదు, రాగి, నికెల్ కలిపిన లోహం. కరిగించి బావుకునేదేమీ లేదు. మొదటి యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ మాత్రం వెండే, ముప్పంతా దానికే. 1980లో వెండి ధర ఎగబాకినప్పుడు బ్రిటన్‌లోనే అవి కుప్పలుగా మూసలోకి పోయాయి. మన 1971 యుద్ధం పతకాలు పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ కూడా పాత సామాన్లలో కనబడితే మనసు చివుక్కుమంటుంది. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీ మునిగి 194 మంది పోయిన యుద్ధమది.

అమ్మేవాళ్ళను తప్పుపట్టను, ఎవరి అవసరం వాళ్ళది. కానీ పేరు, నంబరు దొరికినా నాలాంటివాడు ఆ కుటుంబం దాకా పోలేడు. నావికుల రికార్డులు ముంబైలో ఉంటాయి. దారిన పోయేవాడు అడిగితే ఇవ్వరు, ఇవ్వకపోవడమే న్యాయం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం రాస్తే ఆ లెక్క వేరు. అందుకే అక్కడ ఒక రిజిస్టరు తెరవాలని నా విన్నపం. పతకం చేతికొచ్చిన వ్యాపారి అంచును ఫోన్‌లో ఫోటో తీసి అక్కడికి పంపితే చాలు. ఆయనకు నష్టం రానక్కర్లేదు, తూకం ధర కంటే ఎక్కువిచ్చి కొనేవాళ్ళం ఉన్నాం. వారసులు దొరికితే నా పెట్టెలోనివి కూడా పైసా అడక్కుండా ఇచ్చేస్తాను. ఎవరూ లేరని తేలినవి కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియంలో పేరుతో సహా పెట్టొచ్చు.

తాతల పెట్టెల్లో పతకాలున్నవాళ్ళు దయచేసి వాటిని తోమకండి, ఒకే మనిషికొచ్చిన పతకాల వరుసలోంచి ఒక్కోటి విడదీసి అమ్మకండి. డిశ్చార్జి కాగితం ఉంటే చిరిగినదైనా సరే, పతకాలతోనే ఉంచండి.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కడప