మంగళవారం మధ్యాహ్నం కచేరీ

చిరంజీవి శేషుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడంతా క్షేమం. ఫోన్ చేస్తే ఎత్తవు. వాట్సాప్‌లో పెడితే నీలం గీతలు పడతాయి గానీ జవాబు రాదు. సుందరం బాబాయి శనివారం పినాకినిలో మద్రాసు వస్తున్నాడు, ఈ ఉత్తరం, కందిపొడి, కొత్త చింతకాయ తొక్కు ఆయన చేత పంపిస్తున్నా. సీసా మూత గట్టిగా పెట్టు. పోయినసారి తెల్లచొక్కా మీద ఒలకబోసుకున్నావు.

గుళ్లో ధనుర్మాసం మొదలైంది. తెల్లారుజామున మైకులో తిరుప్పావై వినపడగానే నాన్నగారు మఫ్లర్ చుట్టుకుని బయల్దేరతారు. భక్తికో, పొంగలికో నేనడగను. మీ ఊళ్లో ఈ నెలంతా కచేరీలే కదా. మైలాపూర్ మాడవీధుల్లో పాపనాశం శివన్ గారు నడిపించిన భజన ఇప్పటికీ పొద్దున్నే జరుగుతోందని కామాక్షి పిన్ని చెప్పింది. పిన్ని ఇంకోటి కూడా చెప్పింది. మంగళవారం మధ్యాహ్నం వాణీ మహల్‌లో నిన్ను చూసిందట. ఓబుల్ రెడ్డి హాల్లో మూడో వరసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తున్నావట. పక్క కుర్చీలో మృదంగం సంచీ ఉందట. పలకరిద్దామని లేచేసరికి మాయమయ్యావట.

నీకు శుక్లాలు, ఎవర్ని చూసి వీడనుకున్నావో అని పిన్నితో అన్నాను. వాడి ఆఫీసు షోళింగనల్లూరులో, వారం మధ్యలో మిట్టమధ్యాహ్నం టీనగర్‌లో వాడికేం పని అన్నాను. సెలవు పెట్టుంటావులే.

వాణీ మహల్ అంటే గుర్తొచ్చింది. ఆ సభ పెట్టింది మన చిత్తూరు నాగయ్య గారేనని తాతయ్య తెగ మురిసిపోయేవాడు. మద్రాసు సభల చరిత్రంతా ఆయనకి నోటికొచ్చు. 1927లో అక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు సంగీత సభ కూడా పెట్టారనీ, మరుసటి ఏడు మ్యూజిక్ అకాడమీ అందులోంచే పుట్టిందనీ కథలా చెప్పేవాడు. 1941లో మన వయొలిన్ ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి ఆ అకాడమీ వాళ్లు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారని చెప్పేటప్పుడైతే, శాలువా తనకే కప్పినట్టు భుజాలు సర్దుకునేవాడు.

నా పెళ్లికి ముందు ఒక డిసెంబరులో నన్నూ తీసుకెళ్లాడు. మాంబళంలో పెద్దత్తయ్య వాళ్లింట్లో దిగాం. సాయంత్రం పెద్ద కచేరీ. ఎవరిదో రాయన్లే, మళ్లీ నువ్వు వాళ్ల బాణీ మీద గంట చెప్తావు. ఆయన పల్లవి ముగించి మృదంగం వైపు తల తిప్పాడో లేదో, హాలంతా కుర్చీలు టపటపా మడుచుకున్నాయి. పాట ఆపి మృదంగం, ఘటం మాత్రమే వాయించే తని ఆవర్తనం అంటే అక్కడ కాఫీ గంట. మా వరసలోనూ నలుగురైదుగురు లేచారు. తాతయ్యది చివరి కుర్చీ. మోకాళ్లు ముందు కుర్చీకి ఆనించి, కళ్లు మూసుకుని తాళం వేస్తున్నాడు. కాస్త జరగండి అని అరవంలో అడిగారు. ఉలకడు పలకడు. ఒకాయన భుజం తట్టాడు. కళ్లు తెరవకుండానే "సమానికి రానివ్వండి" అన్నాడు. సమం వచ్చింది, అంటే తాళం మళ్లీ మొదటికొచ్చింది. "ఇప్పుడు ఘటం" అన్నాడు. ఘటం అయింది. "ఇంక ఇద్దరూ కలుస్తారు". కలిశారు. "ముక్తాయింపు వదిలేసి ఎక్కడికండీ" అని ఈసారి కాస్త గట్టిగానే అన్నాడు. ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నేను పైటచెంగు మొహానికి అడ్డం పెట్టుకున్నా. పాపం వాళ్లు నిలబడే మొత్తం విన్నారు. తీరా కచేరీ అయ్యాక మేం కాంటీన్‌కి వెళ్తే కాఫీ అయిపోయింది. ముందే పరుగెత్తి ఆఖరి గ్లాసులు దక్కించుకున్నది వాళ్లే. అందులో మఫ్లరాయన తాతయ్యనే చూస్తూ, ఊదుకుంటూ, తీరిగ్గా తాగాడు. తాతయ్య దారంతా ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "ఘటం అతను ఒకచోట తొందరపడ్డాడు" అన్నాడు.

ఎందుకు చెప్పానంటే, టికెట్టు కొనుక్కొచ్చిన సాయంత్రం కచేరీలోనే మృదంగానికి ఆ మర్యాద. మధ్యాహ్నాలవి ఊరికే రానిచ్చే కచేరీలు, కొత్తవాళ్లకిచ్చేవి. అక్కణ్నుంచి సాయంత్రానికి జరగడానికి ఏళ్లు పడుతుంది. ఆ వచ్చే డబ్బు ఆటోకి సరిపోతే పండగేనని మీ మాస్టారే అనేవారు. వరసకో తాతయ్య ఉండడు నాన్నా.

ఇది ఉపన్యాసం కాదు. ఇవ్వనని నాన్నగారికి మాటిచ్చాను. కానీ శ్రీపాద పినాకపాణి గారిని చూడు. ఆయన డాక్టరు. కర్నూలు మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతూనే సంగీతమూ చెప్పారు. నేదునూరి, వోలేటి, నూకల, అంతా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. 1983లో సంగీత కళానిధి ఇచ్చారు. వందో ఏట పోయారు. ఉద్యోగం ఆయన సంగీతానికేమైనా అడ్డొచ్చిందా? ఈ ముక్క పైకి చదివితే నాన్నగారు, "పినాకపాణి గారికి రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్లతో మీటింగులు లేవు" అన్నారు. ఈయన ఎవరి పక్షమో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

నువ్వు మానేశావని నేననట్లేదు. కానీ ఉద్యోగం వదిలితే పీఎఫ్ డబ్బు ఎన్నాళ్లకి చేతికొస్తుందని పోయిన నెల నాన్నగారిని అడిగావట. స్నేహితుడి కోసమన్నావట. ఏ స్నేహితుడురా?

అక్కడ వానలు తగ్గాయా? మృదంగానికి తేమ తగలకుండా బీరువా మీద పెడతావు, నువ్వు మాత్రం తడిసిన తలతో పడుకుంటావు. సభ కాంటీన్లలో వడా హల్వా తిని పూట గడపకు. మృదంగం ఎడమ మూతకి రాసే రవ్వ ముద్ద కలిపే గిన్నెలోనే ఉప్మా చేసుకోవడం మానావా లేదా? బాబాయి చేత వేరే గిన్నె పంపుతున్నా, దేనికదే వాడు.

ఎవరికైనా పక్కవాద్యం వాయిస్తున్నావా? తేదీ చెబితే వస్తాం. రైల్లో పెద్దవాళ్లకిచ్చే రాయితీ తీసేశారు, అయినా వస్తాం. మధ్యాహ్నమైనా సరే.

అమ్మ

తా.క. ఆ పీఎఫ్ సంగతంతా ఇప్పుడు ఆన్‌లైన్లోనే అట కదా. ఇంకా నొక్కకపోతే కాస్త ఆగు. నొక్కేసి ఉంటే నాన్నగారికి ముందు చెప్పకు, నాకు చెప్పు.